క్లాసులో ఒక కుర్చీ

నేను గడపలో అడుగు పెట్టగానే క్లాసంతా లేచి నిలబడింది. "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు అందరూ, బెంచీల చప్పుడుతో సహా. నేను వెనక్కి తిరిగి చూశాను. వరండాలో నీళ్ళ డ్రమ్ము తప్ప ఎవరూ లేరు.

నాకు నలభై రెండేళ్ళు. ఆ రోజు ఇస్త్రీ చేసిన కాటన్ చీర కట్టుకున్నాను. చేతిలో టిఫిన్ సంచి, మెడలో ఐడీ కార్డు. ఆ కార్డు నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీది. క్లాసు కాగానే అటునుంచి అటే షిఫ్టుకు పోవాలి, మర్చిపోతే గేటు దగ్గర గంటసేపు నిలబెడతారని ఇంట్లోనే మెడలో వేసుకుని బయలుదేరాను. కార్డు తిరగబడి ఉండడంతో కంపెనీ పేరు ఎవరికీ కనబడలేదు, పట్టీ మాత్రం కనబడింది. మా పటాన్‌చెరు దిక్కు మెడలో పట్టీ ఉంటే ఎక్కడో ఉద్యోగం ఉన్నట్టే. చీర, పట్టీ, టిఫిన్ సంచి ఒకచోట చేరితే ఇంక అనుమానమే లేదు. పైగా ఇంకో క్యాంపస్ నుంచి కొత్త తెలుగు మేడం వస్తుందని ఆ పిల్లలు వారం రోజులుగా ఎదురుచూస్తున్నారట.

మూడో బెంచీ అమ్మాయి గబగబా బోర్డు తుడిచి, చాక్‌పీసు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానంటే ఏం చెప్పను? ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే మనిషిని, ఎవరు ఏది అందించినా అందుకోవడమే నా పని. చాక్‌పీసు పట్టుకుని బోర్డు ముందు దిష్టిబొమ్మలా నిలబడ్డాను. అందరూ కూర్చుని నోటుబుక్కులు తెరిచారు. నోరు తెరిచి "నేను మేడం కాదు" అనాలి. మూడు మాటలు. అవి కూడా అనలేదు.

అప్పుడే అసలు సార్ వచ్చాడు. ముప్పై దాటని కుర్రవాడు, చెమటకు చొక్కా వీపుకు అంటుకుని ఉంది. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించాడు. "నమస్తే మేడం. మెదక్ క్యాంపస్ నుంచా మీరు? పర్వాలేదు, మీరు కంటిన్యూ చేయండి, నేను బయట కూర్చుంటాను" అన్నాడు.

"కాదు సార్, నేను అడ్మిషన్" అన్నాను.

నవ్వు మొదట వెనుక బెంచీ నుంచి ఒక్కటే వచ్చింది. తరువాత క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వబోయాడు గానీ ఆయన మొహం కందిపోయింది. నా మొహం నాకు కనబడదు గదా, చెవులు మాత్రం కాలిపోయాయి. చాక్‌పీసు ఎక్కడ పెట్టాలో తోచక టిఫిన్ సంచిలో పడేసుకున్నాను. సాయంత్రం ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో సంచి తెరిస్తే డబ్బా మూత నిండా తెల్లటి పొడి. తుడుచుకుని తిన్నాను.

మా యూనివర్సిటీ కొత్తది. నాలుగు ఊళ్ళలో నాలుగు క్యాంపస్‌లు. మెయిన్ క్యాంపస్ మెదక్‌లో. జోగిపేటలో ఒకటి, జహీరాబాద్‌లో ఒకటి, సంగారెడ్డిలో మాది. మాదంటే పూర్తిగా మాది కాదు, వేరే కాలేజీ వాళ్ళు వాడుకోని పై అంతస్తు మాకిచ్చారు. కింద వాళ్ళ బోర్డు, పైన మా బ్యానరు. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో బస్సు దిగి యూనివర్సిటీ ఎక్కడని అడిగితే ఆటోవాళ్ళు హైదరాబాద్ రోడ్డు చూపిస్తారు. నన్నడిగితే మా యూనివర్సిటీ బస్సులో ఉందంటాను. సార్ వారంలో రెండు రోజులు మా దగ్గర, రెండు రోజులు జోగిపేటలో, రెండు రోజులు జహీరాబాద్‌లో. హాజరు పట్టీలు, జవాబు పత్రాలు, డిపార్ట్‌మెంటు రబ్బరు ముద్ర, అన్నీ ఆయన భుజం సంచిలోనే ఊళ్ళు తిరుగుతాయి. గెస్టు లెక్చరర్లంటే అంతేనని తరువాత తెలిసింది. అతిథి అన్న మాటే గాని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేవాళ్ళెవరూ ఉండరు.

ఎంఏ తెలుగులో ఎందుకు చేరావని ఎంతమంది అడిగారో. ప్రమోషన్ కోసమా అని ఫ్యాక్టరీలో అడిగారు. మాత్రల పట్టీలు డబ్బాలో పెట్టే పనికి ఎంఏ ఏం ప్రమోషన్ ఇస్తుంది? ఎవరికీ నిజం చెప్పలేదు, చెబితే నవ్వుతారని. నేను ఇంటర్ ప్రైవేటుగా కట్టాను. పెళ్ళయ్యాక డిగ్రీ దూరవిద్యలో చదివాను. పరీక్ష రాయడానికి తప్ప కాలేజీ బెంచీ మీద ఎన్నడూ కూర్చోలేదు. పరీక్ష రోజున కూర్చునే బెంచీ మనది కాదు, దానిమీద నంబరు రాసి ఉంటుంది. పక్కన మనిషిని పెట్టుకుని, సార్ ప్రశ్న అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ, రాకపోతే తిట్లు తింటూ కూర్చునే బెంచీ ఒకటి నాకు కావాలి. పదో తరగతిలో మా తెలుగు సారు పద్యం రాకపోతే నిలబెట్టేవాడు, వచ్చినా నిలబెట్టే చెప్పించేవాడు. నా చదువులో నాకు మిగిలిన తీపి అదొక్కటే. పటాన్‌చెరు బస్టాండులో పీజీ అడ్మిషన్ల బ్యానరు చూసిన రోజున, ఇంటర్ చదువుతున్న నా కూతురు "నువ్వే చేరు మమ్మీ" అంది వేళాకోళానికి. నేను నిజంగానే చేరాను. మధ్యాహ్నం షిఫ్టు అడిగి వేయించుకున్నాను. పొద్దున్న క్లాసు, మధ్యాహ్నం నుంచి ఫ్యాక్టరీ. ఈ ఒక్కసారి సరిగ్గా విద్యార్థినిగా ఉండాలి, లేకపోతే ఈ ముచ్చట ఇంతటితో వదిలేయాలి అనుకున్నాను.

రెండో రోజు వెళ్ళేసరికి బెంచీల వరస పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ఎర్రది, చేతులున్నది. అటెండరు నన్ను చూసి నవ్వి, సార్ వేయించాడని, పెద్దమనిషిని బెంచీ మీద ఇరికించొద్దన్నాడని చెప్పాడు. నేను ఆ కుర్చీని చూడనట్టే వెళ్ళి మూడో బెంచీలో కూర్చున్నాను. పక్కనున్న అమ్మాయి, ముందురోజు నాకు చాక్‌పీసు ఇచ్చినదే, పాపం లేచి నిలబడి "ఆంటీ, మీకు కుర్చేసిండ్రు" అంది. నేను చోటు లాక్కుంటున్నానని కాదు, నిజంగా మర్యాదకే అంది. ఏం చేయను? లేచి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. పెళ్ళికి వచ్చిన ఆడబిడ్డలాగా పక్కకు విడిగా కూర్చుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని రాసుకున్నాను. రాయడానికి బల్ల లేదు, అక్షరాలన్నీ కిందికి జారిపోయాయి.

హాజరు పిలిచేటప్పుడు సార్ అందరినీ పేరు పెట్టి పిలిచేవాడు. నా పేరు దగ్గరకు వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, పేరు చివర "గారు" తగిలించేవాడు. ఆ ఆగడం దగ్గరే వెనుక బెంచీలో ఎవరో కిసుక్కుమనేవారు. అందరినీ "నువ్వు", "చెప్పు", "కూర్చో". నన్ను "మీరు", "చెప్పండి" కూడా కాదు, అసలు అడిగేవాడే కాదు. ప్రశ్న వరసగా ఒక్కొక్కరి మీదుగా వచ్చి, నా కుర్చీ దగ్గర పక్కకు తప్పుకుని వెనుక బెంచీకి పోయేది. నేను జవాబు నోట్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. జవాబు వచ్చిన రోజు కోపం వచ్చేది. రాని రోజు, అమ్మయ్య అనుకున్నందుకు సిగ్గేసేది.

ఇంట్లో సంగతి వేరు. మా ఆయన ముత్తంగి దగ్గర గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. మొదటి రోజు జరిగినదంతా చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది. అప్పటినుంచి "మేడం తిన్నరా?", "మేడం గారు, జెర పక్కకు జరుగుతరా?" అని మొదలుపెట్టాడు. ఆయన మనసులో ఏమీ లేదు, ఎగతాళి చేయడం ఆయనకు అలవాటు. కానీ ఆ "మీరు" వినగానే నాకు ఆ ఎర్ర కుర్చీ గుర్తుకొచ్చేది. ఒకరోజు అన్నం గరిటె గిన్నెలో విసిరేశాను. "ఏందే, తమాషకు అంటె గూడ ఇంత గుస్సనా?" అని ఆయన బిత్తరపోయాడు. ఇంట్లో "ఏందే" అన్నందుకు సంతోషించిన ఆడది నేనొక్కదాన్నే అనుకుంటాను.

ఫ్యాక్టరీలో ఒడిశా అమ్మాయిలు నన్ను దీదీ అంటారు. బస్సులో కండక్టరు ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళ ఉచిత జీరో టికెట్ కొడుతూ అమ్మా అంటాడు. అవేవీ నన్ను బాధపెట్టలేదు. క్లాసులో ఆంటీనైనందుకే నాకు తల కొట్టేసినట్టుండేది. అక్కడ మాత్రం ఆంటీగా పనికిరావడానికి వెళ్ళలేదు గదా.

మధ్యాహ్నం షిఫ్టు అందుకోవాలంటే చివరి క్లాసు సగంలో లేవాలి. సార్ అడగకుండానే తల ఊపేవాడు. నేను లేని సగానికి కూడా హాజరు పడేది. ఒకసారి జ్వరం వచ్చి రెండు రోజులు పోలేదు. తిరిగి వెళ్ళాక హాజరు పట్టీలో చూస్తే ఆ రెండు రోజులు కూడా నేనున్నాను. అదే వారం నా పక్క అమ్మాయి బస్సు దొరక్క కాస్త ఆలస్యంగా వచ్చిందని సగం హాజరే వేశాడు. ఆమెది సదాశివపేట దగ్గర పల్లె, పొద్దున్నే ఇంటి పని చేసి, రెండు బస్సులు మారి వస్తుంది. నేను పట్టీ వైపు చూసి తల వంచుకున్నాను. ఆమె కూడా చూసిందని నాకు తెలుసు.

ఇంటర్నల్ మార్కులకు అందరూ సెమినార్ చెప్పాలి. ఒక్కొక్కరు బోర్డు ముందుకు వెళ్ళి తడబడుతూ, చెమటలు కక్కుతూ చెప్పారు. సార్ మధ్యలో ఆపి ప్రశ్నలు వేసి దులిపేశాడు. నా వంతుకు నేను ఛందస్సు తీసుకున్నాను. పది రోజులు మిషన్ దగ్గర నిలబడి, మాత్రల పట్టీలు పడుతుంటే ఆ చప్పుడు తాళానికి గణాలు చదువుకున్నాను. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ. చంపకమాలకు న జ భ జ జ జ ర. బ్లిస్టర్ మిషన్ చప్పుడు చంపకమాలకు బాగా కుదిరేది. నా పేరు వచ్చింది. లేచాను. సార్ చేయి అడ్డం పెట్టి, "మీరు కూర్చోండి మేడం, మీకు పర్వాలేదు" అన్నాడు. అంతే. తరువాతి పేరు పిలిచాడు.

మార్కులు అంటించిన రోజు నాకు అందరికంటే ఎక్కువ పడ్డాయి. ఆ కాగితం ముందు నిలబడి చదువుకుంటుంటే నా పక్క అమ్మాయి మెల్లగా అంది. కోపంగా కూడా కాదు, ఉన్నమాట చెప్పినట్టు అంది.

"మీకేంది ఆంటీ. సార్ మిమ్ముల ఏమనడు. మీరు ఉట్టిగ కూసున్నా ఏస్తడు."

ఉట్టిగా కూర్చోవడం, ఉట్టిగా తీసుకోవడం. పటాన్‌చెరు వచ్చేదాకా బస్సు కిటికీలో మొహం పెట్టుకుని కూర్చున్నాను. మానేద్దామనే నిర్ణయించుకున్నాను. ఇస్నాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయినప్పుడు, మానేస్తే ఎవరు ఏమనుకుంటారు అని ఆలోచించాను. ఎవరూ ఏమీ అనుకోరు. పెద్దామె, పాపం, ఇంటి పనులతో కుదరలేదు అనుకుంటారు. అక్కడ కూడా మర్యాదే. ఆ మర్యాద తలచుకోగానే నాకు కోపం వచ్చింది. కోపం రావడమే మంచిదైంది.

మర్నాడు సంగారెడ్డి బస్టాండులో జోగిపేట బస్సు కోసం నిలబడ్డ సార్‌ను పట్టుకున్నాను. అరటిపండు తింటున్నాడు. నన్ను చూసి తొక్క వెనుక దాచుకున్నాడు. అందరిని అడిగినట్టే నన్ను కూడా అడగమని, రాకపోతే అందరినీ తిట్టినట్టే తిట్టమని చెప్పాను. ఆయన నేల చూపులు చూశాడు. మిమ్మల్ని నిలబెట్టి అడగాలంటే నాకే సిగ్గవుతది మేడం, మొదటి రోజు నేనే మీకు నమస్తే పెట్టిన, పిల్లలు ఇప్పటికీ గుర్తు చేసుకొని నవ్వుతరు అన్నాడు. క్లాసులో ఎప్పుడూ పుస్తకం తెలుగు మాట్లాడే మనిషి, బస్టాండులో నాలాగే మాట్లాడాడు. ఆయనకూ సిగ్గేనని నాకు అప్పటిదాకా తట్టలేదు. నా సిగ్గు నేను చూసుకుంటూ, ఆయన తన సిగ్గు తను చూసుకుంటూ, మధ్యలో ఆ కుర్చీ వేసుకుని కూర్చున్నామన్నమాట.

"అడుగుండ్రి సార్," అన్నాను. "అడగకుంటె నేను చదువుకున్నట్టు గాదు."

చూద్దాం మేడం అని ఆయన బస్సెక్కాడు. ఆ "చూద్దాం" మీద నాకేమీ నమ్మకం కలగలేదు.

నెల తిరక్కముందే మెదక్‌లో నాలుగు క్యాంపస్‌ల తెలుగు పిల్లలందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టారు. విభాగం హెడ్ ఒక పెద్ద మేడం. కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఇంటి ఆడపడుచు. ఆవిడ మాట మెత్తగా, చీర మడతలాగా ఉంటుంది. ఫ్యాక్టరీలో నేను ఆ రోజు సెలవు పెట్టాను. పొద్దున్నే బస్సులో నా పక్క అమ్మాయి ఒకవైపు, నేను ఒకవైపు, మధ్యలో పుస్తకం. సార్ ముందు సీట్లోంచి ఒకటి రెండు సార్లు వెనక్కి తిరిగి చూశాడు.

హెడ్ మేడం ఒక్కో క్యాంపస్ లెక్చరర్‌ని పిలిచి, మీ పిల్లలను మీరే అడగండి, మేము వింటాం అంది. జోగిపేట వాళ్ళు బాగా చెప్పారు. తరువాత మా వంతు. సార్ ముగ్గురిని అడిగాడు. ముగ్గురూ ఎలాగో గట్టెక్కారు. అప్పుడు ఆయన నా వైపు చూశాడు. పేరు పిలిచాడు, "గారు" తోనే. హాలంతా తిరిగి చూసింది. నేను లేచాను.

"ఉత్పలమాల గణాలు చెప్పండి."

పదో తరగతి ప్రశ్న. తెలుగు నేలమీద బడికి పోయిన ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చిన ప్రశ్న. నేను తడబడకూడదని, నా పరువు పోకూడదని అంతకంటే తేలికైనది దొరక్క అడిగాడని నాకు అర్థమైంది. ఆ అర్థమవడంలోనే ఎక్కడో దారి తప్పాను. హాలంతా నన్నే చూస్తోంది, తలమీద ఫ్యాను తిరుగుతోంది, ఆ చప్పుడు అచ్చం మా బ్లిస్టర్ మిషన్ చప్పుడే. నోరు తెరిస్తే "న జ భ జ జ జ ర" అని వచ్చింది. గట్టిగా, ధీమాగా, తాళంతో సహా వచ్చింది.

జోగిపేట పిల్లలు పక్కున నవ్వారు. హెడ్ మేడం కూడా పెదవి మీద చేయి పెట్టుకుని నవ్వింది. సార్ మొహంలో నెత్తురు లేదు. నాలుగు క్యాంపస్‌ల ముందు, పై అధికారి ముందు, ఆయన చదువు చెప్పిన పిల్లల్లో అందరికంటే పెద్దది పదో తరగతి ప్రశ్న తప్పింది. ఒక్క క్షణం నన్నే చూశాడు. తరువాత పుస్తకం తెలుగు పోయింది, మీరు పోయింది, గారు పోయింది.

"పొద్దటి సంది బస్సుల పుస్తకం ముంగట పెట్టుకొని ఏం జేసినవ్ నువ్వు? పదో తరగతి పిలగాడు చెప్తడు గిది. నిలవడు. అందరిదయ్యేదాంక గట్లనే నిలవడు."

హాలు గప్‌చుప్ అయిపోయింది. సిగ్గు అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదనుకుంటాను. క్లాసులో కుర్చీలో పడ్డది వేరు, అది మర్యాద వల్ల వచ్చిన సిగ్గు, ఎవరినీ ఏమీ అనడానికి ఉండదు. ఇది నాది, నేను చేసిన తప్పుకు నాకు వచ్చింది. పది రోజులు నమిలి మింగిన గణాలు అప్పజెప్పలేకపోయాను. కళ్ళు నీళ్ళతో నిండాయి, చీర కొంగు ముడివేస్తూ విప్పుతూ నిలబడ్డాను.

హెడ్ మేడం తేరుకుని ముందుకు వంగింది. "అయ్యో, పెద్దావిడని అలా నిలబెడతారా ఎవరైనా? కూర్చోమ్మా, నువ్వు కూర్చో" అంది ఎంతో దయగా. ఆవిడ కూడా "నువ్వు" అనే అంది. కానీ అది వేరే నువ్వు. పెద్దవాళ్ళని, పనివాళ్ళని, జబ్బుపడ్డవాళ్ళని బుజ్జగించే నువ్వు. సార్ తల దించుకున్నాడు. ఆయన చేయి కూర్చోమన్నట్టు సగం లేచింది. నా పక్క అమ్మాయి కొంగు పట్టి లాగింది. కూర్చుంటే మళ్ళీ నాకు కుర్చీ వేస్తారు.

"సార్ నిలవడమన్నడు మేడం," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. జహీరాబాద్ పిల్లలు చెప్పారు, మెదక్ పిల్లలు చెప్పారు. నేను నిలబడే ఉన్నాను. కాళ్ళకు నొప్పి రాలేదు, ఫ్యాక్టరీలో నిలబడే అలవాటు. మొహం మాత్రం చివరిదాకా కాలుతూనే ఉంది. ఉత్పలమాల గణాలు నాకు ఎప్పుడు గుర్తొచ్చాయంటే, మెదక్ అమ్మాయి ఎవరో వేరే ఏదో చెబుతుండగా. భ ర న భ భ ర వ. అప్పుడు చెప్పి ఏం లాభం?

తిరుగు ప్రయాణంలో సార్ ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. జోగిపేట దాటాక లేచి, కడ్డీలు పట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నా పక్క అమ్మాయి కిటికీ వైపు తిరిగింది. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నోరు జారిందని, మా పిన్నంత మనిషిని అందరి ముందు అట్ల అనడం తప్పని, క్షమించమని అన్నాడు. "మీరు మనసుల పెట్టుకోవద్దు మేడం" అన్నాడు.

మీరు వచ్చింది, మేడం వచ్చింది.

"మాఫీ అడగకుండ్రి సార్," అన్నాను. "మీరు మాఫీ అడిగితె నేను మళ్ళ ఆంటీనైత."

ఆయనకు అర్థమైందో లేదో తెలియలేదు. కాసేపు కడ్డీ పట్టుకుని ఊగుతూ నిలబడ్డాడు. తరువాత వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక మా ఆయన "ఎట్లైంది?" అని అడిగాడు. పిలిచి తిట్టాడని, నిలబెట్టాడని చెప్పాను. నీళ్ళ చెంబు చేతికిచ్చాడు గానీ, మేడం అనలేదు.

మర్నాడు క్లాసుకు పోవడానికి కాళ్ళు రాలేదు. మొహం చెల్లక రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కాను. అందరికంటే ముందే వెళ్ళి కూర్చోవాలని బయలుదేరినదాన్ని ఆలస్యంగా చేరాను. వెళ్ళేసరికి సార్ హాజరు పిలుస్తున్నాడు. బెంచీల పక్కన ఎర్ర కుర్చీ ఎప్పటిలాగే ఉంది, అటెండరు ఎప్పటిలాగే తుడిచి వేశాడు. దాని దగ్గరికి వెళ్ళి, కూర్చోవాలో వద్దో తెలియక నిలబడ్డాను. సార్ తలెత్తలేదు. పట్టీలో వేలు జరుపుతూ నా పేరు దగ్గరకు వచ్చాడు. ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగాడు. క్లాసంతా ఆయనతోపాటు ఆగింది.

నా పేరు పిలిచాడు. ఒట్టి పేరే.

"వచ్చిన సార్," అన్నాను.

"లేటెందుకైంది?" అన్నాడు తల ఎత్తకుండానే. బస్సు దొరకలేదని అబద్ధం చెప్పబోయి, సిగ్గేసి రెండు బస్సులు వదిలేశానని నిజమే చెప్పాను. ఎవరో నవ్వారు. "సగం హాజరే వేస్తా" అన్నాడు. రాశాడు కూడా. అప్పుడు తలెత్తి కుర్చీ వైపు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"ఆ కుర్చీ ఆఫీసుల పెట్టి రా. వచ్చినంక రెండూ చెప్పాలె, ఉత్పలమాల, చంపకమాల. రాకుంటె నిలవెడ్త."

నేను కుర్చీ ఎత్తుకున్నాను. తేలికైన కుర్చీ, అయినా తలుపులో దాని చేతులు తట్టుకుని, రెండు వైపులా తిప్పి చూస్తే గాని బయటికి రాలేదు. వెనుక నుంచి ఎవరో అమ్మాయి ముసిముసిగా నవ్వింది. కుర్చీ మోసుకుంటూ వరండా దాటి, ఆఫీసులో గోడ పక్కన పెట్టాను. అటెండరు ఏమైందన్నట్టు చూశాడు. సార్ పెట్టమన్నాడని చెప్పాను. తిరిగి వస్తూ భ ర న భ భ ర వ అనుకున్నాను, న జ భ జ జ జ ర అనుకున్నాను, రెండూ కలిసిపోతాయేమోనని నిజంగా భయం వేసింది. మూడో బెంచీలో నా పక్క అమ్మాయి సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, నాకు జాగా ఇచ్చి ఉంచింది.

మళ్ళీ గడపలో నిలబడ్డాను. ఈసారి ఎవరూ లేవలేదు.